మూడుకు అడ్డొచ్చిన నాలుగు

మే 28

ఇవాళ మా ఇంట్లో ఎవరు నోరు తెరిచినా "ఖాళీగా ఎందుకుండడం" అన్న మాటే. అమ్మ బట్టలు మడతపెడుతూ అంది. నాన్న షట్టర్ల రిపేరు నుంచి వచ్చి, చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు. బాబాయి అయితే గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

నేను ఖాళీగా లేను. కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో ప్రభుత్వ సర్టిఫికెట్ పరీక్ష లెవెల్ టూ పాసయ్యాను. హాస్పిటల్ రోడ్డులో ఉన్న పళ్ళ ల్యాబ్‌లో లెవెల్ త్రీ అప్రెంటిస్‌గా చేరడానికి అర్జీ పెట్టాను. రెండేళ్ళు అక్కడే పని, వారంలో ఒకరోజు కాలేజీ, చివర్లో లెవెల్ త్రీ చేతికొస్తుంది. ఆ కబురు కోసం ఎదురుచూస్తున్నాను. ఎదురుచూడడాన్ని ఖాళీగా ఉండడం అనరు.

బాబాయికి జెరాక్స్ షాపు ఉంది. ఊరందరి సర్టిఫికెట్లూ ఆయన చేతిమీదుగానే కాపీ అవుతాయి కాబట్టి చదువుల విషయంలో మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. ఆయన స్నేహితుడి ఇన్‌స్టిట్యూట్‌లో ఆఫీసు నిర్వహణ కోర్సు ఉందట. లెవెల్ ఫోర్. చేరితే నెల తిరక్కుండా అయిపోతుందట.

"త్రీ కోసం పడిగాపులు కాయడం దేనికే? ఏకంగా ఫోరే చేసేస్తే పోలా? మూడు పెద్దదా, నాలుగు పెద్దదా?"

నేను పళ్ళు కొరుక్కున్నాను. నాన్న నా వైపు చూసి, "నాలుగే కదమ్మా" అన్నాడు, లెక్కల పరీక్షలో నాకు జవాబు అందిస్తున్నట్టు.

మే 29

చేరను.

జూన్ 2

చేరాను. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని చేరాను, అంతే. అది చేరడం కిందికి రాదు.

ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు గారిది, అదే బాబాయి స్నేహితుడిది, నవ్వు మొహం. గోడ మీద పెద్ద బొమ్మ: ఒకటి నుంచి ఎనిమిది దాకా మెట్లు, చివరి మెట్టు మీద సూట్‌కేసు పట్టుకున్న మనిషి. బయట బోర్డు మీద "నూటికి నూరు శాతం ఉత్తీర్ణత". లెవెల్ ఫోర్‌లో చేరాలంటే ముందు త్రీ ఉండాలి కదండీ అని నేనే అడిగాను. "ఆసక్తి ఉంటే చాలమ్మా, ఫొటో తెచ్చావా?" అన్నారు.

ఆ మెట్ల బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏ మెట్టు ఎంత కష్టమో చెబుతుంది, బాగానే ఉంది. ఆ చదువు ఎన్నాళ్ళదో, ఏ పనికి పనికొస్తుందో ఎక్కడా లేదు. ఆఫీసు కోర్సూ మెట్టే, పళ్ళ పనీ మెట్టే. అన్నీ ఒకే ఇంటి మెట్లయినట్టు గీసి పారేశారు.

సాయంత్రానికి నాన్న వీధి వీధంతా చెప్పేశాడు. "మా అమ్మాయి నాలుగో లెవెల్ అండీ."

జూన్ 9

ఉత్తరంలో తేదీ ఎక్కడ వేయాలి, ఫైలు మీద చీటీ ఎక్కడ అంటించాలి. రోజంతా ఇదే. ఇందులో నాలుగో మెట్టు ఎక్కడుందో నాకు కనబడలేదు.

ల్యాబ్ నుంచి కబురు లేదు. నేనేం ఎదురుచూడట్లేదు. ఫోను సైలెంట్‌లో ఉందేమోనని ఒకటి రెండుసార్లు చూసుకున్నాను, అది వేరే సంగతి.

జూన్ 13

ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. రేపు రమ్మంది, పని చూస్తుందట.

జూన్ 14

ఇవాళ్టి సంగతి మొత్తం రాసుకోవాలి.

ల్యాబ్ అంటే పెద్దదేం కాదు. మూడు బల్లలు, ప్లాస్టర్ దుమ్ము, కరిగిన మైనం వాసన. మేడమ్ తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు కూడా చేతిలో పని ఆపదు. కిటికీ పక్క బల్ల మీద ఎవరో పెద్దాయన నోటి అచ్చులు పెట్టింది. పై దవడ, కింద దవడ, రెండింట్లోనూ ఒక్క పన్ను లేదు. పక్కన ఆయన పాత ఫొటో ఒకటి, ఎవరి పక్కనో నిలబడి పగలబడి నవ్వుతున్నాడు.

"చిగుళ్ళ చోట మైనం గట్టు కట్టి, ముందువైపు పళ్ళు అమర్చు" అంది.

అమర్చాను. మొదట అన్నీ గీత గీసినట్టు తిన్నగా పెట్టాను. బాగానే ఉన్నాయి కానీ ఆ నవ్వు ఆయనది కాదు. ఫొటోలో ఆయన ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉంది. మైనం వెచ్చచేసి ఆ పన్ను తీసి, కొంచెం పక్కకు తిప్పి మళ్ళీ పెట్టాను. అప్పుడు అచ్చం ఆ మనిషే నవ్వినట్టయింది. ఆయనెవరో నాకు తెలియదు. కానీ ఆయన ఇంట్లో వాళ్ళు ఈ పళ్ళు చూసి ఏమనుకుంటారోనని నాకే ఆత్రంగా అనిపించింది. తల ఎత్తేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఆకలేసిన గుర్తు కూడా లేదు.

మేడమ్ ఆ సెట్టును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది. "తిన్నగా పెట్టేవాళ్ళు చాలామంది వస్తారు. వంకర పెట్టడానికి భయపడతారు" అంది. కాసేపటికి, "సీటు ఒక్కటే ఉంది. నీ పేరు రాస్తున్నా. అప్రెంటిస్ ఆఫీసులో కాగితాలు చూపించి రా" అంది.

నాకు ఏడుపొచ్చింది. ప్లాస్టర్ దుమ్ము కళ్ళలో పడిందన్నాను.

జూన్ 16

బాబాయిని వెంట తీసుకెళ్ళడం నా తప్పు. కాదు, నేను తీసుకెళ్ళలేదు. "ఆఫీసుల్లో మాట్లాడడం నీకు తెలీదు" అంటూ ఆయనే వచ్చాడు.

అప్రెంటిస్ ఆఫీసులో ఒక కళ్ళజోడావిడ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. లెవెల్ టూ ఉంది. ల్యాబ్ ఉత్తరం ఉంది. ముద్ర వేయడానికి చెయ్యి కూడా ఎత్తింది. సరిగ్గా అప్పుడు బాబాయి, ఆ ముద్ర ఇంకాస్త గట్టిగా పడాలనుకున్నాడో ఏమో, బల్ల మీదికి వంగి, "మా అమ్మాయి లెవెల్ ఫోర్ కూడా చేస్తోందండీ" అన్నాడు.

ముద్ర గాల్లోనే ఆగింది.

"ఫోరా? ఫోర్ ఉన్నవాళ్ళకు త్రీ అప్రెంటిస్ సీటు ఇవ్వకూడదండీ. అంతకన్నా పై లెవెల్ లేనివాళ్ళకే ఇది" అంది ఆవిడ.

"అది ఆఫీసు కోర్సండీ. ఇది పళ్ళ పని. దానికీ దీనికీ సంబంధమే లేదు" అన్నాను.

"సబ్జెక్టు ఏదన్నది మేం చూడమమ్మా. లెవెల్ చూస్తాం."

"ఇప్పుడే మానేస్తాను."

ఆవిడ కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది. "పరీక్షకు నీ పేరు వెళ్ళిపోయింది. ఇక ఫలితం రావాల్సిందే. ఫెయిలైతే రా, ఇదే ముద్ర వేసిస్తా. పాసైతే రావద్దు. జూలై పదో తారీకు దాటితే ల్యాబ్ సీటు ఇంకొకరికి పోతుంది."

ఫెయిలైతే రా. పుట్టి బుద్ధెరిగాక ఈ మాట నాతో ఎవరూ అనలేదు.

బస్సులో బాబాయి ఒంటికాలి మీద లేచాడు, నా మీద కాదు, ప్రభుత్వం మీద. చదువు ఎక్కువైందని సీటు ఇవ్వకపోవడమేమిటట. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన్ని ఏమైనా అంటే బస్సు ఆపి దిగి వెళ్ళిపోయేంత మాటే అంటాను, నాకు తెలుసు.

జూన్ 17

ఇంట్లో పంచాయితీ. నేను ముద్దాయిని.

"పోతే పోయింది త్రీ. చేతిలో ఫోర్ ఉండగా కిందికి దిగేవాళ్ళుంటారా?" బాబాయి.

"ఆ పళ్ళేంటో, ఆ ఎంగిలి అచ్చులేంటో. ఆఫీసంటే ఫ్యాన్ కింద కూర్చుంటావు" అమ్మ.

నాన్నకు నేను నిదానంగా చెప్పాలనుకున్నాను. నిదానం నా వల్ల కాదు, అయినా ప్రయత్నించాను. "నాన్నా, మనం మన డాబా ఎక్కాలి. పక్కింటి మెట్లు నాలుగు ఎక్కేశాం కదా అని మన డాబా మీద తేలతామా?"

నాన్న ఆలోచించాడు. "మధ్యలో గోడ చిన్నదైతే దూకొచ్చు" అన్నాడు.

నేను తల పట్టుకున్నాను. బాబాయి నవ్వాడు. నాన్న నవ్వలేదు, నిజంగానే గోడ ఎత్తు గురించి ఆలోచిస్తున్నాడు.

"నేను ఫెయిలవ్వాలి నాన్నా. ఫెయిలైతేనే ల్యాబ్ సీటు."

ఆ మాటకు ఆయన మొహం చూడలేకపోయాను. పదో తరగతిలో లెక్కలు తప్పిన ప్రతిసారీ బడికి వచ్చింది ఆయనే. హెడ్‌మాస్టరు గదిలో, కూర్చోమన్నా కూర్చోకుండా, ఆ గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని నిలబడేవాడు. ఇన్నాళ్ళకు వీధిలో చెప్పుకోవడానికి ఒక నాలుగు దొరికింది. అదీ వదులుకోమంటున్నాను.

"సర్లే, అన్నం తిను" అన్నాడు.

జూన్ 18

పరీక్షకు వెళ్ళకపోతే చాలు కదా.

జూన్ 19

చాలదు. "పరీక్ష రోజు ఎవరైనా రాలేకపోయినా కంగారు పడకండి, హాజరు మేం చూసుకుంటాం" అని డైరెక్టరు గారు క్లాసులో అభయమిచ్చారు. అంటే రానివాళ్ళ జవాబులు కూడా వాళ్ళే పెట్టేస్తారన్నమాట.

జూన్ 24

వెళ్ళాను, తప్పులు పెట్టడానికే వెళ్ళాను. నా అంతట నేను పెడితే ఖాయంగా తప్పే అవుతుందని.

ఒక ప్రశ్నకు నాలుగు జవాబులు, ఒకటి నొక్కాలి. లెక్కల పరీక్షలో ఏది సరైనదో తెలియక చచ్చేదాన్ని. ఇక్కడ అన్నీ తెలిసిపోతున్నాయి. తేదీ ఎక్కడ వేయాలో నాకు తెలుసు. చీటీ ఎక్కడ అంటించాలో తెలుసు. తెలిసి తెలిసి తప్పు నొక్కడానికి వేలు రాదు. పక్కనమ్మాయి నా కంప్యూటర్ చూసి, "అది కాదు, బి" అని గుసగుసలాడింది. నాకు తెలుసులే అన్నాను. పాపం, జాలిగా చూసింది.

ఒక్కటి కూడా ఒప్పు పెట్టలేదు. ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ కంచం చప్పుడయ్యేలా పెట్టింది.

జూన్ 30

పాస్.

మామూలు పాస్ కూడా కాదు, "ఉత్తమ శ్రేణి".

జూలై 1

డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. నేను ఫెయిలయ్యానండీ, చూడండి అన్నాను.

"మా సంస్థలో ఫెయిల్ అనేది ఉండదమ్మా. బయట బోర్డు చూడలేదా?"

"నేను అన్నీ తప్పులే పెట్టాను."

"నీకు ఆత్మవిశ్వాసం తక్కువ. మీ బ్యాచ్ వాళ్ళందరికీ ఉన్న సమస్యే ఇది."

ఈ ఊళ్ళో ఫెయిలవడం కూడా నా చేతుల్లో లేదు. బడిలో ఏ కష్టమూ పడకుండా ఫెయిలైనదాన్ని, ఇప్పుడు అవసరమొచ్చి అడుక్కుంటుంటే ఇవ్వడం లేదు. ఆయన కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆఫీసువాళ్ళ రూలు చెప్పాను, ల్యాబ్ సంగతి చెప్పాను. ఫలితాలు ఇంకా పైకి పంపలేదట, సర్టిఫికెట్ల ఫంక్షన్ అయ్యాక పంపుతారట. మార్చొచ్చు కదండీ అన్నాను.

ఆయన నవ్వు మొహంతోనే, "ఏ తండ్రీ మా గుమ్మం తొక్కి నా కూతుర్ని ఫెయిల్ చెయ్యమని అడగడమ్మా. మీ నాన్నగారు వచ్చి అడిగితే అప్పుడు చూద్దాం" అన్నారు.

నాన్నకు ఈ మాట చెప్పాను. చెప్పానంతే, రమ్మని అడగలేదు. ఎలా అడుగుతాను?

జూలై 2

ఆఫీసు ఉద్యోగం మరీ అంత చెడ్డదేం కాదు. ఫ్యాన్ ఉంటుంది. ఆదివారం సెలవు.

అంత చెడ్డదేం కాదు.

జూలై 3

పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్ళాను. సీటు వద్దని చెప్పి వద్దామనే వెళ్ళాను. మేడమ్ నా మాట వినకుండా ఒక అచ్చు చేతికిచ్చి, "కూర్చో, ఇది చూడు" అంది. ఇక చెప్పడం కుదరలేదు. చెబుదామని అనుకోనూ లేదేమో.

మధ్యలో తల ఎత్తితే గుమ్మంలో నాన్న. పక్క వీధిలో ఏదో షాపు షట్టరు బిగుసుకుపోతే వచ్చాడట. పక్క వీధి నుంచి ఇక్కడికి ఎలా వచ్చాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. మేడమ్ స్టూలు వేసింది. హెడ్‌మాస్టరు గదిలో కూర్చోమన్నా కూర్చోని మనిషి ఇక్కడ కూర్చున్నాడు. నేను మైనం గీరుతుంటే, పన్ను తిప్పుతుంటే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆయన ఉన్న సంగతే మర్చిపోయాను.

ఇద్దరం కలిసి ఇంటికి బయల్దేరాం. దారిలో నాన్న అన్నాడు: "పుస్తకం ముందు నువ్వు నిమిషం కుదురుగా ఉండేదానివి కాదు. నీకు కుదురే లేదనుకున్నాం ఇన్నాళ్ళూ."

ఆ, అన్నాను.

"ఆ ఫంక్షన్ ఎప్పుడమ్మా?"

జూలై 5

రాయడానికి కూర్చుంటే నవ్వు ఆగడం లేదు.

నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. "ఫెయిల్ చేయించుకోవడానికి ఇంత ముస్తాబైన మనిషిని నిన్నే చూస్తున్నా" అంది అమ్మ. అంటూనే కాలరు సరిచేసింది.

హాలు నిండా తల్లిదండ్రులు. వేదిక మీద పూల కుండీలు, మైకు. డైరెక్టరు గారు ఒక్కొక్కరినీ తండ్రితో సహా పిలిచి సర్టిఫికెట్ ఇప్పిస్తున్నారు, తండ్రి చేత రెండు మంచి మాటలు చెప్పిస్తున్నారు. ఇన్‌స్టిట్యూట్‌ను పొగిడించుకోవడం అన్నమాట. మా వంతు వచ్చింది. నాన్న మైకు అందుకున్నాడు.

"నమస్కారమండీ. నేను షట్టర్లు రిపేరు చేస్తాను. మైకులో ఎప్పుడూ మాట్లాడలేదు." దగ్గాడు. "మా అమ్మాయి ఈ పరీక్షలో ఫెయిలైందండీ. అన్నీ తప్పులే పెట్టొచ్చానని ఇంటికొచ్చి చెప్పింది. మీరేమో పాసని రాశారు. పొరపాటు పడుంటారు. దిద్దండి."

డైరెక్టరు గారు పెద్దగా నవ్వి, "పెద్దాయన సరదా మనిషి" అంటూ మైకు కోసం చెయ్యి చాపారు. నాన్న ఇవ్వలేదు.

"సరదాకి కాదండీ. తండ్రొచ్చి అడిగితే చూద్దామన్నారట. వచ్చాను. అడుగుతున్నాను. నా కూతుర్ని ఫెయిల్ చెయ్యండి."

కొందరు నవ్వారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన లేచి, "అలాగైతే మా వాడి పేపరు కూడా ఒకసారి చూపించండి. పరీక్ష రోజు వాడు ఇంట్లో నిద్రపోతున్నాడు, ఎట్లా పాసయ్యాడో మాకూ అర్థం కాలేదు" అన్నాడు. ఇంకెవరో మా అమ్మాయిది కూడా అన్నారు. హాలంతా గుసగుసలు. డైరెక్టరు గారి నవ్వు మొహం మొదటిసారి నవ్వు లేకుండా చూశాను. నాన్న చెయ్యి పట్టుకుని గబగబా లోపలి గదికి తీసుకెళ్ళారు, వెనకాలే నేను.

లోపల నా జవాబులు తెరిచి చూశారు. ఒక్క మార్కు కూడా లేదు. "ఇలా తప్పడం కూడా మాటలు కాదు" అన్నారు విసుగ్గా. ఫెయిల్ అని రాసి, సంతకం పెట్టి, కాగితం నాన్న చేతిలో పెట్టారు. "ఇక దయచేయండి" అన్నారు.

సాయంత్రం బాబాయి వచ్చాడు. విషయం ఊరంతా తిరిగి ఆయన షాపుకూ చేరింది. కాసేపు అటూ ఇటూ చూసి, "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు. ఆఫీసువాళ్ళు కాపీలడుగుతారు" అని తీసుకెళ్ళాడు. ఎవరికీ అక్కర్లేనన్ని కాపీలు తీసుకొచ్చాడు. ఆయన క్షమాపణ చెప్పే పద్ధతి ఇదేనని అర్థం చేసుకున్నాను. పూర్తిగా క్షమించలేదు, అది ఇక్కడ రాసుకుంటున్నాను.

జూలై 7

ముద్ర పడింది.

ఈసారి నాన్నే వచ్చాడు. దారిలోనే చెప్పాను, లోపల ఒక్క మాట కూడా మాట్లాడొద్దని. మాట్లాడలేదు. కళ్ళజోడావిడ ఫెయిల్ కాగితం చూసి, "శుభం" అంది. ఫెయిలైనందుకు శుభం అన్న మనిషి ఈ లోకంలో ఈవిడొక్కతే. రేపట్నుంచి ల్యాబ్.

తిరిగొస్తుంటే వీధి మొదట్లో మందుల షాపాయన కౌంటర్ మీంచి వంగి పలకరించాడు. "ఏమండీ, అమ్మాయి నాలుగో లెవెల్ ఏమైంది? పాసైందా?"

ఈ వీధిలో నా పరీక్షల గురించి ఎవరడిగినా నాన్న ఏదో పని గుర్తొచ్చినట్టు తల వంచుకుని వెళ్ళిపోవడమే నాకు తెలుసు.

నాన్న ఆగాడు. "లేదండీ, ఫెయిలైంది" అన్నాడు, వీధిలో వెళ్తున్నవాళ్ళకు కూడా వినపడేలా.

"అయ్యో. పర్లేదులెండి, మళ్ళీ రాయొచ్చు."

"అక్కర్లేదండీ. ఇదొక్కటి చాలు. చాలా కష్టపడి ఫెయిలైంది మా పిల్ల."

మందుల షాపాయనకు ఏం అర్థమైందో తెలియదు. నేను వాళ్ళిద్దరినీ దాటి ముందుకు నడిచేశాను, నాన్నకు నా మొహం కనబడకుండా.